పిందె ముందు మడిచిన వేలు

పాఠకులారా, సూటిగా అడుగుతున్నాను: తీగకు వేలాడే లేత పిందెను మీ చూపుడువేలితో, నిండుగా, మడవకుండా చూపించగలరా? చూపించగలమని తొందరపడి చెప్పకండి. నేనూ అలాగే చెప్పాను.

కళాశాలలో మూడేళ్లు వక్తృత్వ వేదికల మీద పెరిగిన మనిషిని నేను. ఎదుటి పక్షం వాదంలో పగులు ఎక్కడుందో వెతికి, దాన్ని వేలెత్తి చూపడం నా విద్య. నా విషయంలో అది కేవలం జాతీయం కాదు. మాట్లాడుతున్నప్పుడు నా కుడిచేతి చూపుడువేలు నిజంగానే లేస్తుంది. ఒక పోటీలో న్యాయనిర్ణేత మార్కుల కాగితం మీద ‘వాదన బాగుంది, వేలు తగ్గించుకోవాలి’ అని రాశారు. వాదన బాగుందన్న సగాన్ని మాత్రమే నేను స్వీకరించాను.

అమీర్‌పేటలో హాస్టళ్ల సందులో ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మాది. సందు పొడవునా కోచింగుల బోర్డులు, డాబా మీద అమ్మ పెంచే ఇరవై రెండు కుండీలు. కుండీలనడం మర్యాద కోసమే. వాటిలో సగం రంగు డబ్బాలు, మిగతావి చెవులూడిన బకెట్లు. ప్రతిదానిలో ఒక ఐస్‌క్రీం పుల్ల గుచ్చి, దాని మీద విత్తనం వేసిన తేదీ గుండ్రటి అక్షరాలతో రాసేది అమ్మ. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పైకి వెళితే అరగంటకు గాని దిగేది కాదు. ఆ అరగంటలో ఆమెను ఉప్పు ఎక్కడుందని కూడా ఎవరూ అడగకూడదు. ఇంట్లో అది ఎవరూ రాయని చట్టం.

ఆ అరగంటకే ఎసరు వచ్చింది. అపార్ట్‌మెంటు సంఘానికి ప్రెసిడెంటుగా ఉన్న పెద్దాయన ఎర్రమంజిల్‌లో ప్రభుత్వోద్యోగం చేసి విరమించారు. ఆయన కాపురం సరిగ్గా డాబా కిందే. మీటింగులో లేచి చాలా నెమ్మదిగా చెప్పారు.

“నీళ్లు పోస్తున్నరు, మంచిదే. గని ఆ నీళ్లు నా బెడ్రూం సీలింగుల మరకైతున్నయమ్మా. ఊకె సోకు కోసం గంత బరువు పైనెందుకు?”

సమాధానంగా అమ్మ లేచి ఒక కాగితం చదివింది. ఆ కాగితం నేను రాసిచ్చినదే. “మా తోట అలంకారం కాదు, ఉత్పత్తి. ఈ కుటుంబపు ఆహారంలో దానికి వాటా ఉంది” అన్న వాక్యం దగ్గర నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

“గట్లనా? అయితె కాపు చూపెట్టుండ్రి” అన్నారు ప్రెసిడెంటు గారు. “నాలుగు వారాలైనంక నేనే వచ్చి చూస్త. ఒక్క కాయున్నా సరే, కుండీలుంటయి. లేకుంటె అన్నీ దించేద్దాం.”

నిరూపణ భారం మా మీద పడింది. దాన్ని మా నెత్తిన పెట్టింది నా వాక్యమే. నిజమేమిటంటే ఆ తోటలో అప్పటిదాకా ఏ కాయా కాయలేదు. టమాటా పూసి ఊరుకుంది, వంగకు పేను పట్టింది. ఇంటికొచ్చాక అమ్మ నేరుగా డాబా మీదికి వెళ్లి ఒక ఐస్‌క్రీం పుల్లను పెరికి, పైటచెంగుతో తుడిచి, మళ్లీ అక్కడే గుచ్చింది. తిట్టి ఉంటే ఖండించేదాన్ని. తుడిచిన పుల్లకు ఖండన ఏముంటుంది?

మిగిలిన ఆశ ఒక్క ఆనపతీగ. మా ఇంట్లో ఆనపకాయ, మార్కెట్టులో సొరకాయ, ప్రెసిడెంటు గారి నోట ఆనిగెపుకాయ, కాయ ఒక్కటే. పాత కూలర్ స్టాండుకు తాళ్లు బిగించి నాన్న దానికి చక్రాల పందిరి కట్టారు. పనికిరానివాటితో ఏదో ఒకటి తయారుచేయడం ఆయన వ్యసనం. ఎండ ఎటు జరిగితే పందిరి అటు దొర్లేది. మొదటి వారంలోనే రెండు పిందెలు కనబడ్డాయి. నేను ఆనందంతో వేలెత్తాను.

“వేలు చూపించకే పిచ్చిదానా, రాలిపోతుంది!” అని అరిచింది అమ్మమ్మ. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన ఆమె మా ఇంట్లో ఉంటూ, మా అందరి అలవాట్ల మీదా అప్పీలు లేని తీర్పులు చెబుతుంటుంది.

నేను సూత్రాల మనిషిని. ఒక పిందెను మూడు రోజులు, పూటకొకసారి, కావాలనే వేలితో చూపించాను. రెండోదాని వైపు చూడనైనా లేదు. నాలుగో రోజుకు రెండూ పసుపెక్కి రాలిపోయాయి.

“చూశావా? చూపించనిది కూడా రాలింది. వేలికీ దీనికీ సంబంధం లేదని రుజువైంది” అన్నాను.

“రెండూ ఒక తీగవేగా! అక్కను ఆడిపోసుకుంటే చెల్లి గుండె ఆగదూ?” అంది అమ్మమ్మ.

“అమ్మమ్మా, నాలుగో అంతస్తు మీదికి తేనెటీగలు రావు. ఆడపువ్వుకు పుప్పొడి అందలేదు, అందుకే...”

“పిందె రాలిందా లేదా?”

“రాలింది. కానీ...”

“కానీ అన్నావంటే ఓడినట్టే.”

మూడేళ్లలో ఏ ప్రతిపక్షమూ నన్ను అంత తక్కువ మాటల్లో కూర్చోబెట్టలేదు.

తర్వాతి ఆడపువ్వు విచ్చిన సాయంత్రం బాధ్యత నేనే తీసుకున్నాను. ఆనపపువ్వు పొద్దు వాలాకే విచ్చుకుంటుంది. నాన్న దగ్గరున్న సన్న కుంచెతో మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు అద్దుతుంటే, అమ్మమ్మ గుప్పెడు అక్షింతలతో పైకొచ్చింది.

“ఇది పరాగ సంపర్కం, అమ్మమ్మా.”

“ఏ పేరు పెట్టుకుంటే ఏం, పెళ్లి పెళ్లే. వర్జ్యం వెళ్లిందో లేదో చూసుకున్నావా?”

వెళ్లలేదట. కుంచె పట్టుకుని నేను పదకొండు నిమిషాలు నిలబడ్డాను. నాన్న గడియారం చూసి తలూపాక పుప్పొడి అద్దాను. అక్షింతలు పడ్డాయి. పిందె నిలిచింది. అది పుప్పొడి గెలుపని నా వాదం. అమ్మమ్మ మాత్రం పంచాంగాన్ని కళ్లకద్దుకుంది.

ఇక ఇంట్లో వేళ్ల మీద నిషేధం మొదలైంది. డాబా మీద సరే, కింద ఎందుకని అడిగాను. “కింద లేచిన వేలు పైన ఊరుకుంటుందా?” అన్నది అమ్మమ్మ తర్కం. ఎంత వెతికినా నాకు అందులో పగులు దొరకలేదు. నా వేలిని ఎవరూ నమ్మలేదు గనుక అమ్మ దానికొక టోపీ అల్లింది. క్రోషియా అల్లడం మొదలుపెడితే అమ్మకు ఆగడం తెలియదు. మా ఇంట్లో మిక్సీకి, రిమోటుకు, గ్యాస్ సిలిండరుకు కూడా బట్టలున్నాయి. పెట్టెలో మిగిలిన దారం ఆకుపచ్చది ఒక్కటే. దానితో నా వేలికొకటి అల్లి, దిష్టి తగలకుండా పిందెకూ అలాంటిదే చిన్నది తొడిగింది.

పిందె ఎదిగేకొద్దీ టోపీ పెంచాలి, దారం చాలదు. మూడో ఆదివారం దారం కొనడానికి, పనిలో పనిగా షికారుకు, పులిహోర డబ్బా పట్టుకుని నలుగురం ఆటోలో పంజాగుట్ట బయలుదేరాం. నాన్న ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చున్నారు. కుడి ఎడమలు నోటితో చెబితే ఆయనకు తారుమారవుతాయి. చెయ్యి చూపిస్తే తప్ప దారి రాదు. ఆ చేతికి నిషేధం ఉంది.

“ఎటు అన్నా? లెఫ్టా, రైటా?” అన్నాడు ఆటో డ్రైవరు.

నాన్న మోచేయి చాచారు.

“గదేంది అన్నా, పొడుస్తవా? జర చెయ్యి చూపెట్టరాదు!”

“వీల్లేదు బాబూ. ఇంట్లో పిందె ఉంది” అంది వెనక నుంచి అమ్మమ్మ.

డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. నా వేలి టోపీ దగ్గర అతని చూపు కాసేపు ఆగింది. ఆ తర్వాత మరేమీ అడగకుండా, మోచేయి ఎటు తిరిగితే అటు పోనిచ్చి, ఎర్రమంజిల్‌లో ఆదివారం మూసి ఉన్న ఒక ఆఫీసు గేటు ముందు ఆపాడు. “ఫికర్ చేయకు అన్నా, అంత మంచిగైతది” అని ఓదార్చి వెళ్లిపోయాడు. మేము ఆ గేటు ఎదుట పేవ్‌మెంటు మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఎక్కడ కూర్చున్నా పులిహోర పులిహోరే అన్నారు నాన్న. దారం దొరకలేదు.

గడువు రోజు వచ్చింది. పిందె అరచెయ్యంత ఉంది. ఆకుపచ్చ టోపీతో, ఆకుపచ్చ ఆకుల నడుమ, మాకే కనబడనంత క్షేమంగా ఉంది. ప్రెసిడెంటు గారు కళ్లజోడు సర్దుకుని, నోటు పుస్తకంతో పైకొచ్చారు.

“ఏదమ్మా కాయ?”

“అదిగోండి, ఆ ఆకు వెనకాల” అంది అమ్మ, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

“గీడ అన్నీ ఆకులేనాయె. ఏ ఆకు?”

నాన్న మోచేయి చాచారు. ప్రెసిడెంటు గారు పక్కకు తప్పుకున్నారు.

“నీ ముక్కుకు సూటిగా చూడు నాయనా” అంది అమ్మమ్మ, గడ్డం ఎత్తి.

“ముక్కుకు సూటిగ నీళ్ల ట్యాంకున్నది పెద్దమ్మా.”

“కొంచెం ఎడమకి.”

“ఎవరి ఎడమకు?”

పందిరిని కాస్త తిప్పి చూపిద్దామని నాన్న ఒక చక్రాన్ని కదిపారు. ఉన్న ఆకులు పోయి, కొత్త ఆకులు ముందుకొచ్చాయి. ప్రెసిడెంటు గారు ఊపిరి వదిలి పెన్ను మూత తీశారు. ‘లేదు’ అని రాయబోతున్నారని ఆ మూత చప్పుడులోనే తెలిసింది. అమ్మ నా వైపు చూసింది. ఆమె చేతిలో ఒక ఐస్‌క్రీం పుల్ల ఉంది.

అప్పుడు నా చెయ్యి లేచింది. పిందె నిలవడానికి కారణం పుప్పొడి అని నాకు తెలుసు. వేలికీ పిందెకూ కార్యకారణ సంబంధం లేదని ప్రయోగం చేసి మరీ తెలుసుకున్నాను. ఒక్కసారి చాచితే ఇరవై రెండు కుండీలు నిలుస్తాయి. వేలు సగం దాకా వెళ్లింది. వెళ్లి, నా అనుమతి లేకుండా, కణుపు దగ్గర మడుచుకుపోయింది.

“నీ వేలికి గదేందమ్మా?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“టోపీ అండీ.”

“దెబ్బ తాకిందా?”

“లేదండీ. చూపించకుండా ఉండటానికి.”

ఆయన నా వేలి టోపీని దగ్గరగా చూశారు. ఆ అల్లికను, ఆ ఆకుపచ్చను చూశారు. తల తిప్పి పందిరిని చూశారు. కళ్లు ఒక్కసారిగా పెద్దవయ్యాయి.

“అగ్గో! గసువంటి టోపే!” అంటూ చూపుడువేలు నిండుగా చాచి పిందెను చూపించారు.

“అయ్యో!” అన్నాం నలుగురం ఒకేసారి.

ఆయన తన వేలిని వేరెవరిదో అన్నట్టు చూసుకున్నారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, దాన్ని మడిచి పళ్ల మధ్య పెట్టి కొరికారు. “తప్పయింది, తప్పయింది. మా నాయనమ్మ సుత గిట్లనే మొత్తుకునేది. పొలంల నేను గుమ్మడి పిందెను చూపెడితె ఈపు పలగ్గొట్టింది.”

“ఇప్పుడు రాలితే?” అంది అమ్మమ్మ, ఏ మాత్రం కనికరం లేకుండా.

“రాలితె నా మీదికొస్తది.” ఆయన కాసేపు ఆలోచించి, నోటు పుస్తకంలో రాస్తూ పైకి చదివారు. “పిందె ఉన్నది. కాయ అయ్యేదాక నిర్ణయం వాయిదా.”

మర్నాటి నుంచి ఆయన రోజూ పొద్దున్నే పైకొచ్చేవారు. అమ్మ అరగంటలో ఆయనకూ ఒక మూల దొరికింది. మాట్లాడకూడదన్న షరతు మీద, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పిందెను చూసి వెళ్లేవారు. ఆయన సీలింగు మరక మాత్రం నిజమే. అది మేము కాదనలేని వాదం. నాన్న కుండీలన్నిటి కింద ఇటుకలు పేర్చి, పాత పళ్లేలు పెట్టారు. ఒకరోజు పుప్పొడి సంగతి ప్రెసిడెంటు గారికైనా నచ్చజెబుదామని మొదలుపెట్టాను. అంతా ఓపికగా విన్నారు.

“సైన్సు మంచిదే బిడ్డా, నాకూ తెల్సు. గని ముందుగాల ఆ వేలు దించు.”

పిందె రాలలేదు. మూర పొడవు కాయై, మూడు టోపీలు మార్చింది. సగం మా ఇంట్లో పులుసయింది. మిగతా సగాన్ని ప్రెసిడెంటు గారు రెండు చేతులతో పసిపిల్లలా మోసుకుని మెట్లు దిగారు. కుండీలు ఇరవై రెండూ పైనే ఉన్నాయి.

నా వాదం మారలేదు. కాని సరైన ప్రయోగం ఇంకా జరగలేదు: రెండు పిందెలకూ పుప్పొడి అద్ది, ఒకదాన్నే వేలెత్తి చూపాలి. నా వేలు ఆ పనికి రాదని తేలిపోయింది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ డాబా మీద ఒక తీగ పెంచండి. పొద్దు వాలాక పువ్వుకు పువ్వు అద్దండి. నా తరఫున ఒక పిందెను నిండుగా, మడవకుండా చూపించి, ఏమయిందో నాకు తెలియజేయండి. మా డాబాకు వస్తే మాత్రం, దయచేసి, వేలు మడవండి.