దసరా మరునాడు ఖాళీగా కనిపించిన ఫోల్డర్

మేడ్చల్‌లోని నా ప్రింటింగ్ షాపులో శుభలేఖల ఫైళ్లన్నీ మా డిజైనర్ చెరిపేశాడని ఇప్పటికీ కొందరు నమ్ముతారు. నిజానికి అతనేమీ చెరపలేదు. ఆ మాట పుట్టించింది నేను.

దసరాకు మిషన్లన్నీ ఆపి పూజ చేశాం. మరునాడు పొద్దున పెద్దరికాన్ని బట్టి స్విచ్‌లు వేయాలని పట్టుబట్టాను. ముందు పాత కటింగ్ మిషన్, తర్వాత లినక్స్ కంప్యూటర్లు, కొత్తగా కొన్న సర్వర్ అన్నిటికన్నా చివర. కంప్యూటర్లు లేచేసరికి సర్వర్ ఇంకా లేవలేదు. దాంతో ఫైళ్లుండే సర్వర్‌లోని షేర్డ్ డ్రైవ్ మౌంట్ కాక, అంటే కంప్యూటర్లకు జతపడక, డిజైనర్ తెర మీద ఫోల్డర్ ఖాళీగా కనిపించింది.

"నువ్వే డిలీట్ గొట్టినవ్!" అని కస్టమర్ల ముందే అరిచాను.

"నేనింక చాయ్ గూడ తాగలే అన్నా. జర సర్వర్ దిక్కు సూడుండ్రి."

చూడకుండానే ఇంటికి పొమ్మన్నాను. తర్వాత సర్వర్ సంగతి తట్టి, అన్ని అధికారాలుండే రూట్ యూజర్‌గా డ్రైవ్ మౌంట్ చేశాను. ఫైళ్లన్నీ కనిపించాయి గానీ, డిజైనర్ లాగిన్‌లో ఒక్కటీ సేవ్ కాలేదు. అనుమతి లేదంటోంది. అతను మచ్చబొల్లారంలోని ఇంటికి చేరాడో లేదో ఫోన్ చేశాను.

"మౌంట్ జేసేటప్పుడు నా యూజర్ పేరు ఇచ్చిన్రా?"

"లే."

"ఇగ మీరు నన్ను ఎల్లగొట్టిన్రు, గా డ్రైవ్ గూడ గదే జేస్తాంది."

అయినా వచ్చి సరిచేశాడు. నేను మాత్రం కస్టమర్లతో, "మావోడు పోగొట్టినవన్నీ నేనే తిరిగి తెచ్చిన," అన్నాను. వాళ్లు మెచ్చుకుంటుంటే అతను నా పక్కనే నిలబడి, "మస్తు పనిజేసిన్రన్నా," అంటూ చప్పట్లు కొట్టాడు.