బ్యాగులెక్కితే నడిచే ఆటో

మా ఆయన ఆటోది వింత గుణం. బ్యాగులు ఎక్కితే నడుస్తుంది, మనుషులు ఎక్కితే ఆగిపోతుంది.

ఐదేళ్లపాటు రోజూ సాయంత్రం ఆరుంబావుకు నా ఫోన్ మోగేది. బెండకాయలు తరగడం ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తితే అవతల ఎవరో ఒక అత్తగారు ఉండేది. "ఏమ్మా, మీ ఆయన యాడ సచ్చిండు? మా కోడలు ఇంక ఇల్లు చేరలే." ఇప్పుడు ఆ ప్రశ్నకు నా దగ్గర ఖాయమైన జవాబు ఉంది. దవాఖానలో, శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున. కానీ ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఆరుంబావుకు నేను ఆపకుండా బెండకాయలు తరుగుతున్నాను.

మా ఆయన పేరు ఐలయ్య. మెదక్ బస్టాండు నుంచి మా కాలనీకి షేర్ ఆటో తోలేవాడు. దూరం రెండున్నర కిలోమీటర్లు. సాయంత్రం కౌడిపల్లి బ్యాంకు నుంచి మమత, కుల్చారం బడి నుంచి దేవిక టీచరు, ఇంకో అయిదుగురు ఉద్యోగం చేసే తల్లులు బస్సులు దిగి ఈయన ఆటో ఎక్కేవాళ్లు. రాందాస్ చౌరస్తా దాటగానే ఆటో దగ్గేది, తుమ్మేది, ఆగేది.

"అక్కా, బరువైతున్నది. జర దిగుండ్రి. బ్యాగులు ఉండనియ్యుండ్రి, గవి తేలిక."

కొత్తగా ఎక్కినామె ఒకసారి అడిగిందట. "మేము బరువు సరే. గిన్ని బ్యాగులు బరువు గావా?"

"బ్యాగులు ముచ్చట్లు పెట్టయి గదమ్మా. ఇంజన్ గుంజలేంది ముచ్చట్ల బరువు."

అంతే. టిఫిన్ డబ్బాలు, దిద్దాల్సిన నోటుబుక్కులు, గోబిగడ్డలు ఆటోలో దర్జాగా కూర్చుని పోయేవి. ఏడుగురు ఆడవాళ్లు చేతులూపుకుంటూ వెనక నడిచేవాళ్లు. మా ఆయన మొదటి గేరు దాటకుండా, మధ్య మధ్య హారన్ కొట్టి బెదిరించేవాడు. "జల్ది నడువుండ్రి! గిట్ల నడిస్తే ఇంజన్ చల్లవడి మల్ల ఆగుతది!"

కోళ్ల దుకాణం ఆశీర్వాదం ఆ రోడ్డు మీద కొత్తగా దుకాణం పెట్టిన రోజుల్లో ఈ ఊరేగింపు చూశాడు. ముందు బ్యాగులతో ఆటో, వెనక రొప్పుతూ ఆడవాళ్లు. "దొంగ! దొంగ!" అని ఉరికి మా ఆయన గల్లా పట్టాడు.

"ఆడోళ్ల బ్యాగులు ఎత్కపోతవురా?"

"కొట్టకు భాయ్, వాళ్లనే అడుగు."

దేవిక టీచరు వచ్చి విడిపించింది. "ఇడువన్నా, గీయన దొంగ గాదు. గీయన ఆటోనే గంత."

"దొంగైతే గింత మెల్లగ పోడు, నాకే సోయి లేదు" అని ఆశీర్వాదం గల్లా వదిలి, నలిగిన అంగీ సరిచేసి పంపించాడట.

ఫోన్లలో అందరికంటే గట్టిది మమత అత్త రాజమణి.

"గది ఆటోనా, దున్నపోతా? దున్నపోతైనా కట్టె చూపిస్తే కదుల్తది."

"గదంతే అత్తమ్మా. అది ఆటో గాదు, నా పాణానికి దాపురించిన శని. చెప్పి చెప్పి యాష్టకొచ్చిన."

"వేరేది ఎక్కవే అంటే మా కోడలు ఇనదు. ఐలన్న అయితే నమ్మకం అంటది. నమ్మకం మీద కూసుంటే ఇల్లొస్తదా?"

పెళ్లిళ్లకు పోతే నన్ను "ఆగే ఆటో ఐలయ్య పెండ్లాం" అని చూపించుకునేవాళ్లు. బాగు చేయించమని రెండు రోజులు అన్నం మానేశాను. ఆయన కడుపు నిండా తిని, "చేపిస్త తియ్యి" అన్నాడు. చివరకు ఏడుపాయల దుర్గమ్మ దగ్గరికి పట్టుకుపోయి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఆటో ఎక్కడా ఆగలేదు. అమ్మవారి మహిమ అని చెంపలేసుకున్నాను. మర్నాడు ఆరుంబావుకు ఫోన్ మోగింది.

పోయిన ఏడాది ఆడవాళ్ల ఆరోగ్యం కోసం నడక అని ఎవరో బ్యానరు కట్టారు. ఆదివారం పొద్దున ఏడింటికి. ఆ వేళకు ఉద్యోగం చేసే తల్లి వారం బట్టల కుప్ప ముందు కూర్చుని ఉంటుంది. పెట్టినవాళ్లే కార్లలో వచ్చి, వంద అడుగులు నడిచి, ఫోటో దిగి, ఇడ్లీలు తిని, కార్లలో పోయారు. మా ఆయన అక్కడికీ ఆటోలోనే పోయి చూసొచ్చాడు. "ఇడ్లీలు మంచిగున్నయి" అన్నాడు.

అదే నాకు మంట. ఇంతమందిని నడిపించిన మనిషి, నాలుగిళ్ల అవతలి కిరాణం దుకాణానికి కూడా ఆటోలో పోయేవాడు.

"నువ్వు గూడ జర నడువరాదు? పొట్ట చూడు."

"అందరం నడిస్తే బ్యాగులెవరు మోస్తరే?"

ఆటో రోజూ ఆగి రోజూ కదిలింది. ఆయన గుండె ఒక్కసారే ఆగింది.

రెండు నెలలు గడిచాక ఆటో అమ్మేద్దామనుకున్నాను. ఆ శని ఇంటి ముందు నిలబడి ఉన్నంతకాలం ఆయన మీద కోపం చల్లారేలా లేదు. రామాయంపేట నుంచి అమరేందర్ అనే ఆయన చూడడానికి వచ్చాడు. దాచిపెట్టి అంటగట్టడం నాకు రాదు. "అన్నా, ఇది రోజు ఆగుతది" అని ముందే చెప్పాను. ఆయన తోలుకుపోయి పావుగంటలో తిరిగొచ్చాడు.

"ఆగుతదని ఎవలు చెప్పిన్రు చెల్లె? ఖిల్లా గుట్ట చడావు ఎక్కిచ్చి వచ్చిన, గుర్రం లెక్క ఉరికింది. ఇంజన్ను మస్తు చూసుకున్నడు మీ ఆయన. జర కడిగి పెట్టు, రేపు తీస్కపోత."

బకెట్ నీళ్లు, పాత గుడ్డ తెచ్చి ఆటో పక్కన పెట్టాను. గుర్రమా? మరి ఐదేళ్లు నేను తిట్టింది దేన్ని? అప్పుడే గేటు తీసుకుని మమత, దేవిక వచ్చారు. ఆయన పోయినప్పటి నుంచి వాళ్లు వేరే ఆటోలో పది నిమిషాల్లో ఇళ్లు చేరుతున్నారు.

"అక్కా, అమ్ముతున్నవా?"

"ఇంజన్ మంచిగుందట. మీకు ఎర్కేనా?"

 దేవిక మమత దిక్కు ఒకసారి చూసి, అసలు సంగతి చెప్పింది. ఐదేళ్ల కింద మమతకు షుగర్ అని తేలింది. రోజూ అరగంట నడవాలి, లేకుంటే సూదులే అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం మమత ఆటోలో ఏడ్చింది. "నడువు నడువు అని అందరు చెప్తరు, ఎప్పుడు నడవాలెనో ఒక్కరు చెప్పరు. పొద్దుగాల నాలుగున్నరకు లేస్తే రాత్రి పదింటి దాంక అరగంట యాడున్నది? వాకింగ్ పోత అంటే మా అత్త బిందె చేతికిచ్చి గీ నల్లా కాడికి నడువు అంటది." మా ఆయన ఆటో తోలుతూ అదంతా విన్నాడట. మర్నాడు ఆటో ఆగింది.

"ఆటో ఆగితే ఇంట్ల మమ్మల్ని ఎవ్వరు అనరక్కా. ఆటోనే తిడ్తరు, అన్ననే తిడ్తరు" అంది మమత. "గా అరగంటల నా షుగర్ దిగింది. గీ రెండు నెలల్ల మల్ల ఎక్కింది. గిట్లనే ఉంటే వచ్చే నెల నుంచి సూదులంటున్నరు."

ఏడుగురికి తెలుసు. పక్కన పడుకున్న దానికి తెలియదు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు అబద్ధం రాదనేటోడు అన్న. మా అత్త ఫోన్ చేసేది నీకే గద. నువ్వు కడుపు మండి తిడ్తుంటెనే ఆమె నమ్మేది. నీ తిట్లే మాకు సర్టిఫికెట్ అక్కా."

వాడుకున్నాడు నన్ను! గట్టిగా కొట్లాడాల్సిన మాట ఇది. కొట్లాడుదామంటే మనిషి లేడు.

ఇంతలో వాకిట్లోకి రాజమణి వచ్చింది. "అమ్మినవా గా దరిద్రాన్ని? మంచిగైంది. ఇగ మా కోడలు రోజు ఆరింటికే పొయ్యి ముట్టిస్తది."

మమత ముఖం పాలిపోయింది. అమరేందర్ ఇంకా పోలేదు, గేటు దగ్గర మా మాటలు వింటూ బీడీ వెలిగించుకుంటున్నాడు. నేను నోరు తెరిచాను. ఏం బయటికొస్తుందో నాకే తెలియదు.

"యాడ అత్తమ్మా! గీ అన్న ఇప్పుడే చూసిండు. ఇంజన్ ఖరాబైంది, ఫుకట్ల ఇచ్చినా వద్దంటున్నడు."

అమరేందర్ చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. నన్ను చూశాడు, మమతను చూశాడు. "అవునవ్వా" అన్నాడు. "గిసొంటి బండిని నేనెన్నడు చూడలే."

"మరేం జేస్తవే?"

"నేనే తోల్త. గల్లీలకెల్లి వాకిట్లకు తెచ్చి పెట్టుడు ఆయన నేర్పిండు గద, మొదటి గేరు వస్తది. గీ ఆటోకు రెండోది ఏం జేసుకోను?"

"నీ కాడ గూడ ఆగుతదేమో!"

"ఆగుతదత్తమ్మా. నా కాడ ఇంకింత ఎక్కువ ఆగుతది."

రాజమణి నెత్తి కొట్టుకుంటూ వెళ్లిపోయింది. వెనకే అమరేందర్ కూడా, రామాయంపేట బస్సు అందుకోవాలని నవ్వుకుంటూ పోయాడు. దేవిక కొంగు నోట్లో కుక్కుకుని వంగి వంగి నవ్వుతోంది. మమత మాత్రం గుడ్డ తీసుకుని, "నేను గూడ ఒక చెయ్యి వేస్త, కడుగుదాం పా అక్కా" అంది.

ఆ గుడ్డ లాక్కుని, బకెట్ నీళ్లు మోరీలో గుమ్మరించాను. ఆటో నిండా బురద మరకలు, అద్దం మీద దుమ్ము, వెనక మసి. ఇంత చక్కగా ఖరాబైనట్టు కనిపించడానికి ఆ మనిషి ఐదేళ్లు కష్టపడ్డాడు. ఒక్క బకెట్ నీళ్లతో దాన్ని పాడు చేస్తానా?