అక్క ఇచ్చిన గొట్టం మాత్రలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను మార్కాపురంలో పలకల కార్ఖానాలో కూలికి పోయేదాన్ని. ఒకసారి పలక అంచు కుడి అరచేతికి కోసుకుని, చీము పట్టి, మోచేతి దాకా వాచింది. పక్కింటి మరియమ్మక్క జ్వరానికి ఆసుపత్రిలో మందుపొడి నింపిన గొట్టం మాత్రలు ఇప్పించుకుని వాడుతోంది. మిగిలిన ఆరూ నాకిచ్చి, "నాకు తగ్గిపోయిందిలే, నువ్వు మింగు" అంది. మా పేట ఆడవాళ్ళకు మందులు పంచుకోవడం అలవాటే, నేనూ మింగేశాను.

నా వాపు తగ్గింది. నాలుగో రోజున అక్క జ్వరంతో కాలిపోతూ నీళ్ళ బిందెతో గుమ్మంలోనే కూలిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "మాత్రలన్నీ మింగావా?" అని అడిగింది.

"మింగినానమ్మా" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోతూ, "మింగింది నేనమ్మా" అన్నాను.

"జ్వరం తగ్గకుండానే ఎందుకిచ్చావు?" అని డాక్టరమ్మ అక్కను అడిగింది.

"చెయ్యి పోతే దాని బతుకేంగాను, అందుకే ఇచ్చినా" అంది అక్క.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని గాయం చూసింది. తర్వాత ఇద్దరికీ వేరువేరుగా పొట్లాలు కట్టించి, అయిపోయేదాకా ఎవరివి వాళ్ళే మింగాలని ఒట్టు వేయించుకుంది.

అక్క కోలుకుంది. ఒకరి మందు ఇంకొకరు వాడకూడదని ఇప్పుడు మనవరాళ్ళకు నేనే చెబుతుంటాను. పత్రికకు ఈ ఉత్తరం మాత్రం అక్క నిలబెట్టిన ఆ కుడి చేత్తోనే రాస్తున్నాను.