ఓబులమ్మక్క పెట్టని సంతకం

గల్ఫ్‌లో మేముండే దార్సైట్‌లోని జిరాక్స్ షాపులో లామినేషన్ మెషిన్‌లోంచి మా పెళ్లి సర్టిఫికెట్ కాపీ వేడివేడిగా బయటికొచ్చింది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగలగానే ఓబులమ్మక్క గుర్తొచ్చింది. ఆ కాగితం ఆమె చలవే. ఆమెది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా బిల్డింగ్‌లో డాక్టరుగారింట్లో పదకొండేళ్లు వంట చేసి, నాలుగు నెలల క్రితం ఊరికి వెళ్లిపోయింది.

నేను ఇంజినీరును. జాబితా లేకుండా కూరగాయలకు కూడా వెళ్లను. "ఏమబ్బీ, ఉల్లిగడ్డలెన్నో గూడా రాసుకున్నావా?" అని నవ్వేది. ఆమెకు జాబితాలు లేవు, ఒక్క పట్టింపు ఉండేది: చూడనిది చెప్పదు. డాక్టరుగారి అతిథి ఒకాయన చేప తాజాదేనా అని అడిగితే, "వండింది నేను, కొనింది సారు. ఆయన్నే అడుగు" అంది. అందరికంటే డాక్టరుగారే ఎక్కువ నవ్వారు.

సాహితికీ నాకూ ఇక్కడి గుడిలో పెళ్లయింది. పులిహోర ఓబులమ్మక్కే కలిపింది. ఇద్దరికీ సొంత ఉద్యోగ వీసాలున్నాయి కాబట్టి సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు, మేమూ తీసుకోలేదు. రెండేళ్లకు సాహితికి కెనడాలో పరిశోధన సీటు వచ్చింది. మా బంధం రుజువైతేనే నేను వెంట వెళ్లగలను. ఫారంలో రెండు గడులు: పెళ్లయినవాళ్లు సర్టిఫికెట్ జతచేయాలి, పెళ్లి లేకుండా కలిసి ఉంటున్నవాళ్లు నోటరీ ముందు ప్రకటన ఇవ్వాలి. సర్టిఫికెట్ లేదు కాబట్టి రెండో గడి. నాకు ఇందులో ఏ సందేహమూ కలగలేదు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, ఫోటోలు కలిపి ముప్ఫై ఒక్క రుజువులు ఫైల్లో పెట్టాను. తెలిసినవాళ్ల సంతకం ఒకటి కావాలంటే ఓబులమ్మక్కను పిలిచాను.

నోటరీ ఆఫీసు పక్కన టైపింగ్ సెంటర్‌లో ముగ్గురం కూర్చున్నాం. "ఏముందో చదివి చెప్పబ్బీ" అంది.

"వీరిద్దరూ పెళ్లి చేసుకోకుండా భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నారని నాకు తెలుసు," అని తెలుగులో చెప్పాను.

ఆమె పెన్ను మూత పెట్టేసింది. "పెళ్లి చేసుకోకుండానా? మరి ఆ దినం డేక్సా నిండా పులిహోర ఎవురికి కలిపినా?"

"అక్కా, సర్టిఫికెట్ లేదు గదా..."

"కాయితం లేకపోతే పెళ్లి గూడా లేకుండా పోతాదా? నువ్వు తాళి కట్టింది కండ్లారా చూసినా. లేదని ఎట్ల రాస్తా?"

"గడువు ఆరు వారాలే. నువ్వు సంతకం పెట్టకపోతే సాహితి ఒక్కతే వెళ్లాలి."

"ఇద్దరూ పోండి. నిజం రాసుకోని పోండి."

టైపు చేసే హైదరాబాదు ఆయన అంతా వింటున్నాడు. "అన్నా, పెళ్లి కాకుండ ఒక్క ఇంట్ల ఉంటున్నమని ఈ దేశంల నీ చేత్తోనే రాసిస్తవా? ఈడ అది నేరం. అమ్మ నిన్ను బతికిచ్చింది పో!"

నా ముప్ఫై ఒక్క రుజువులూ నా మీదే సాక్ష్యాలయ్యేవి! సాహితి మెల్లగా, "ఆ వాక్యం నాకూ నచ్చలేదు. నీ జాబితాలో నచ్చడానికి గడి లేదు," అంది. ముందు ఓబులమ్మక్క నవ్వింది, తర్వాత అందరం.

"పెండ్లి రాయించుకునే ఆఫీసు యాడుందో అడుగు, లెయ్" అంది అక్క. ఆ మధ్యాహ్నమే మన ఎంబసీలో పెళ్లి నమోదుకు దరఖాస్తు పెట్టాం. అభ్యంతరాల కోసం వాళ్లు అంటించే నెల రోజుల నోటీసు గడువు ముగిసిన రోజు ఆమె సెలవు పెట్టి, మా పెళ్లికి కట్టుకున్న చీరలోనే వచ్చి, సాక్షిగా తీరిగ్గా తెలుగులో సంతకం పెట్టింది. గడువుకు వారం ముందే కెనడా దరఖాస్తు వెళ్లింది. వచ్చే నెల ఇద్దరం బయల్దేరుతున్నాం.

ఇప్పుడు ప్లాంటులో ఏ రిపోర్టునూ నేరుగా సంతకానికి పంపను. సంతకం పెట్టేవాళ్ల పక్కన కూర్చుని చదివి వినిపించి, "మీరు చూసింది ఇదేనా?" అని అడుగుతాను. దీనివల్ల పని కాస్త ఆలస్యమవుతుంది. పోయిన వారం ఒక టెక్నీషియన్ తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్, ఆ వాల్వు నేను చూడలేదు." నేను హెల్మెట్ తీసుకున్నాను. చూడటానికి ఇద్దరం కలిసి వెళ్లాం.