ఊచల వెనక కొల్లేరు

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. పొద్దున ఆరింటికల్లా ఒకతను పైపు పట్టుకుని గోడలు తడుపుతాడు. ఆ తడి సిమెంటు వాసన నా వంటింట్లోకి వచ్చేసరికి చేతిలో కాఫీ చల్లారిపోతుంది. చాలామందికి ఇష్టమైన వాసనే అది, కొత్త ఇంటి వాసన. నాకు మాత్రం ఎస్తేరు టీచరు గారు గుర్తొస్తారు. ఆవిడ గదికి ఉన్న ఒక్కగానొక్క కిటికీకి అడ్డంగా లేచిన గోడ కూడా కొన్నాళ్లు ఇలాగే వాసన వేసింది. ఆ గోడ కట్టించింది మేము. 'మేము' అనడం కూడా నా పాత అలవాటే. కట్టించింది నేను.

ఏలూరులో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య మా ఖాళీ స్థలం ఉండేది. టీచరు గారు మిషను స్కూల్లో సోషల్ చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు. జీతం కూడబెట్టి ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా కట్టుకున్నారు. ఆ గదిలో కిటికీ పక్కన ఒక బల్ల. నా పదో తరగతి చదువంతా ఆ బల్ల మీదే సాగింది. ఒకరోజు పటంలో కొల్లేరు గుర్తించమంటే పెన్సిలుతో పెద్ద గుండ్రం చుట్టాను. "సరస్సా అది, పెసరట్టా?" అన్నారు. నేను చెరపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "కొల్లేరు ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉండదే ఝాన్సీ. వానాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి. ఏ నెల కొల్లేరో ముందు చెప్పు, తర్వాత గియ్యి." కిటికీలోంచి మా దొడ్డి వేపచెట్టు గాలి వచ్చి కాగితాలు లేపుతుంటే, వాటి మీద సుద్దముక్కల డబ్బా బరువు పెట్టేవారు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా నేనూ ఇద్దరమే. నాన్న బస్సు కండక్టరు. పది పాసయ్యాక ఇక చదువు చాల్లే అన్నారాయన. ఆ సాయంత్రమే టీచరు గారు మా గేటు దగ్గరకు వచ్చారు. "ఏవండీ కండక్టరు గారూ, టిక్కెట్టు కొట్టిన ప్యాసింజరుని దారి మధ్యలో దింపేస్తారా మీరు?" నాన్న పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే నా డిప్లొమా చదువు ఖాయమైంది. చెబితే ఇంత తేలిగ్గా ఉంది కానీ, ఆ రోజు ఆవిడ రాకపోతే నేనెక్కడుండేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అలాంటి మనిషికి నేను చేసిన ఉపకారం వినండి. రెండువేల మూడులో ఆ ఖాళీ స్థలంలో ఇంటర్నెట్ సెంటరు కడదామనుకున్నాను. "టీచరు గారి కిటికీ ఉంది కదమ్మా, ఒక గజం వదిలి కడదాం" అన్నారు నాన్న. గజం వదిలితే ఒక వరస కంప్యూటర్లు తగ్గిపోతాయని నేను లెక్క వేసుకుని ఉన్నాను. "మన స్థలం చివరిదాకా మనదే నాన్నా. ఎవరో కిటికీ పెట్టుకుంటే మనం వదలాలా?" అన్నాను. ఎవరో! ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. పునాది తవ్వుతున్నప్పుడు టీచరు గారు వచ్చి, "కాస్త గాలి వదలొచ్చు కదండీ, కండక్టరు గారూ" అని అడిగారు. నేను తలుపు వెనకే ఉన్నాను. నాన్న తలొంచుకుని, "నా నిర్ణయమేనండీ" అన్నారు. "మీ స్థలం, మీ ఇష్టం" అని వెళ్లిపోయారావిడ.

ఆ తర్వాత ఆవిడ నాన్నతో మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడి ఆయన "బాగున్నారాండీ" అంటే తల తిప్పుకుని వెళ్లేవారు. నాన్న మాత్రం పలకరించడం మానలేదు. నాతో ఆవిడ ఎప్పటిలాగే ఉండేవారు. పండక్కి కజ్జికాయలు కట్టి ఇచ్చేవారు, జడ సరిగ్గా వేసుకోలేదని కసిరేవారు. ఆవిడ కిటికీకీ మా రెండంతస్తుల గోడకీ మధ్య ఇక మూరెడు సందే మిగిలింది. పగలు కూడా లైటు వేసుకుని పేపర్లు దిద్దుకునేవారు. ఆ కజ్జికాయ తింటున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసేది. నిజం చెప్పేద్దామంటే నోరు పెగిలేది కాదు.

చెప్పలేనివాళ్లు ఇంకేదో చేస్తారు. గోడ లేచి రెండేళ్లు దాటాక, తాడేపల్లిగూడెంలో ఒక ఇంటర్నెట్ సెంటరు మూసేస్తూ సామాను అమ్ముతుంటే రెండు ఫ్లాట్ మానిటర్లు తెచ్చాను. "టీచరు గారూ, మీకు కిటికీ పెడతాను" అన్నాను. "ఉన్న కిటికీ ఏం పాపం చేసిందే?" అన్నారు. ఆ రెండు తెరలనూ నిలువుగా తిప్పి ఇనుప చట్రంలో బిగించాను, కిటికీ ఒక్కో సగానికి ఒక్కోటి. మధ్య కమ్మీ వెనక అతుకు దాగిపోయింది. చట్రాన్ని మా డాబా మీంచి తాడు కట్టి సందులోకి దించాలి. తాడు పట్టుకున్నది నాన్నే. ఎందుకని అడగలేదు. "మెల్లిగా అమ్మా, ఆవిడ ఊచలకు తగులుతుంది" అన్నారంతే. వాన పడకుండా సందు పైన రేకు కప్పాం. వైర్లు ఊచల మధ్యనుంచి లోపలికి లాగి, బల్ల కింద కంప్యూటరు పెట్టాను. పెళ్లి వీడియోలు తీసే ఆయన దగ్గర కెమెరా తీసుకుని పుష్యమాసం చలిలో కొల్లేరు ఒడ్డున తీసిన గంట టేపు అప్పటికే నా దగ్గరుంది. రెండు తెరల మీదా కలిపి ఒకే కొల్లేరు వచ్చేలా చేశాను.

తెర వెలగ్గానే గది నీళ్లలో మునిగినట్టయింది. ఊచల వెనక పొగమంచు, దాని వెనక ఎక్కడికక్కడ తేలుతున్న గూడబాతులు. వెలుగు కదిలి కదిలి సున్నపు గోడల మీదా, ఆవిడ తెల్లచీర మీదా పాకింది. టీచరు గారు కాసేపు నిలబడ్డారు. తర్వాత కుర్చీ లాక్కుని, కిటికీ పక్కకు ఉండేలా కూర్చుని, పేపర్లు తీసుకున్నారు. "అదేంటండీ, చూడరా?" అన్నాను ఉక్రోషంగా. "కిటికీని ఎవరైనా చూస్తూ కూర్చుంటారటే? పక్కన ఉంటే చాలదూ?" అన్నారు. ఎర్ర సిరా కలం కదులుతోంది, వెనక నీళ్లు కదులుతున్నాయి. సాయంత్రం ఆరవగానే లేచి కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టారు. "దోమలొస్తాయే" అని, నా ముఖం చూసి, తనే నవ్వాపుకోలేకపోయారు. కానీ మర్నాడూ మూశారు, ఆ తర్వాత రోజూ మూశారు.

టేపు గంటే కాబట్టి అదే కొంగ గంటకోసారి ఎడమ నుంచి కుడికి ఎగిరేది. ఆవిడ దానికి హాజరు వేయడం మొదలుపెట్టారు. "నీ కొంగ ఇవాళ కూడా ఆలస్యం చెయ్యలేదే. నీకంటే నయం." అయితే ఎండలు ముదిరాక ఒకరోజు కలం పక్కన పెట్టి అన్నారు: "వైశాఖంలో ఇన్ని నీళ్లెక్కడివే? ఈ పక్షులెక్కడివి? నేను నీకు చెప్పిన పాఠం ఇదేనా? కిటికీ అబద్ధం ఆడకూడదు." ఆ చివరి మాట వినగానే బల్ల కిందికి వంగి వైర్లు సర్దసాగాను. ఆవిడకేం తెలియదు, నెలల గురించే అన్నారు.

అప్పటినుంచి నెలకొక ఆదివారం, ఆవిడ చర్చికి వెళ్లడం కూడా మానుకుని, ఇద్దరం తొలి బస్సుకు కైకలూరు వెళ్లేవాళ్లం. గట్టు మీద స్టాండు నిలబెట్టి కెమెరా ఆన్ చేస్తే, గంటసేపు మాట్లాడకూడదు. మాటలు రికార్డయిపోతాయి. ఆవిడ గొడుగు నీడలో నేను. ఎదురుగా ఎవరో తాటిదోనె తోసుకుంటూ పోతారు, గెడ నీళ్లలో పడిన చప్పుడు చాలాసేపటికి మాదాకా వస్తుంది. తడి నాచు వాసన, దూరంగా చేపల చెరువుల మీద పలచటి ఎండ. వర్షం వస్తుందనుకుంటే రాదు, రాదనుకుంటే వస్తుంది. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేను, అంత దుఃఖంగానూ లేను. ప్రతిసారీ 'ఈ గంట అవగానే చెప్పేస్తాను' అనుకునేదాన్ని. కెమెరా ఆపగానే ఆవిడ సంచీలోంచి ఇడ్లీలు తీసేవారు. ఇడ్లీ తింటూ అలాంటి మాట ఎలా చెబుతాం?

గోడకు ఇవతల మా సెంటరు గదిలో ఆ చప్పుళ్లన్నీ సన్నగా వినిపించేవి. ఒక మధ్యాహ్నం నాన్న గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు. "ఈ మధ్య మనింటి దగ్గర పక్షులు ఎక్కువయ్యాయమ్మా" అన్నారు. ఎక్కడివో ఆయనకు తెలుసు. "టీచరు గారికి బాగుందా?" అని అడిగారు. బాగుందన్నాను. "పోన్లే" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

మరుసటి వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కూసి ఆగిపోయింది. కొల్లేరు ఆరిపోయింది. గది చీకటి. టీచరు గారు విసనకర్రతో ఇద్దరికీ విసురుతూ, "నువ్వు మీ నాన్నలా కాదే ఝాన్సీ. నీకు మనసుంది" అన్నారు. ఇక నావల్ల కాలేదు. "గజం వదులుదామన్నది నాన్నేనండీ. వద్దన్నది నేను. ఆ రోజు తలుపు వెనకే ఉన్నాను" అన్నాను.

విసనకర్ర ఆగింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"నాలుగేళ్లు..." అన్నారు చివరికి. "నాలుగేళ్లు ఆయన పలకరిస్తుంటే తల తిప్పుకున్నానే." లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో మా గేటు దాకా నడిచారు. "ఏవండీ కండక్టరు గారూ!" అని పిలిచారు. నాన్న భుజాన తువ్వాలుతో కంగారుగా బయటికొచ్చారు. "నన్ను క్షమించండి" అన్నారావిడ. నాన్న నా వైపు చూశారు, అంతా అర్థమైంది ఆయనకు. "అయ్యో, అవేం మాటలండీ టీచరు గారూ. కాళ్లు కాలిపోతున్నాయి, ముందు లోపలికి రండి" అన్నారు. ఆవిడ మెట్టు ఎక్కుతూ నా వైపు తిరిగి, "నీ సంగతి తర్వాత మాట్లాడతాను. ఇప్పుడు మాట్లాడితే తప్పుగా మాట్లాడతాను" అన్నారు.

మర్నాడు ఆవిడ తెరలు తీసేయమన్నారు. "బాగానే ఉందే, కానీ ఇక వద్దు" అన్నారు. నాన్నా నేనూ డాబా మీదకెక్కి రేకు లాగేసరికి ఆకాశం సందులోకి జారింది. నేను కప్పిన ఆ రేకే ఆవిడకు మిగిలిన కాస్త వెలుగునూ ఆపేసిందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. చట్రం పైకి లాగాక నాన్న సున్నం కలిపి, పొడుగు కర్రకు కుంచె కట్టి, టీచరు గారి గదిలోకి వెళ్లారు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంట్లో అడుగు పెట్టడం. ఊచల్లోంచి చెయ్యి చాచి మా గోడకు అందినంత మేరా తెల్లగా పూశారు. సున్నం ఆరేకొద్దీ పైనుంచి పడే ఎండ ఆ తెలుపు మీద వాలి గదిలోకి వచ్చింది. లైటు లేకుండా పేపర్లు దిద్దుకునేంత వెలుగు. రెండు దోసిళ్ల సున్నం! "ముందే అడిగుంటే అరపూటలో చేసిపెట్టేవాణ్ణి కదండీ" అన్నారు నాన్న. "అడగడానికి మాటలుండాలి కదండీ" అన్నారావిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను బకెట్టు కడిగే వంకతో బయటికి వచ్చేశాను.

నా సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. కజ్జికాయలు వచ్చాయి, జడ మీద కసుర్లు వచ్చాయి, ఆ మాట రాలేదు. రిటైరయ్యాక కైకలూరులో వాళ్ల అక్కగారి దగ్గరకు వెళ్లిపోయారు. ఒకసారి చూడ్డానికి వెళితే చేపల పులుసుతో అన్నం పెట్టారు. ఉండబట్టలేక అడిగాను: "ఆ రోజు తర్వాత మాట్లాడతానన్నారు కదండీ."

"ఇంకా దాని కోసం చూస్తున్నావా?"

"చూస్తున్నానండీ."

"చూస్తూ ఉండు. నీకు మంచిది" అని మరో చేపముక్క వేశారు.

ఆ తర్వాత రెండేళ్లకు పోయారు. నాన్నా లేరిప్పుడు. ఇది నాదే కదా, నా ఇష్టం కదా అని ఏ పనికైనా చెయ్యి చాచబోయినప్పుడు, నా బదులు ఎవరో తలొంచుకోవలసి వస్తుందనిపించినప్పుడు, తర్వాత మాట్లాడతానన్న ఆవిడ మాట ఇప్పుడు మొదలవుతుందేమోనని ఆగుతాను. ఇప్పటిదాకా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.