నాన్న తెడ్డు కింద పెట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జ్వరమొస్తే చెప్పుకోవచ్చు, దెబ్బ తగిలితే ఏడవచ్చు గానీ, అలిసిపోయానని మాత్రం ఎవరూ అనేవాళ్లు కాదు. అనకూడదని ఎవరూ చెప్పలేదు. మా నాన్న అనేవాడు కాదు కాబట్టి అమ్మా, నేనూ కూడా అనేవాళ్లం కాదు.

నాన్నది ఒంగోలు దగ్గర పల్లె. డాక్టరీ చదివి, నాకు నాలుగేళ్లప్పుడు మమ్మల్ని వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా వచ్చాడు. మంచుకొండల కింద ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం. అప్పటికే అక్కడ ఒక పెద్ద డాక్టరు ఉండేవారు. మేం వచ్చిన కొన్నాళ్లకే ఆయన ఆరోగ్యం చెడి పని మానుకున్నారు. ఇక ఊరికీ, చుట్టుపక్కల గొర్రెల ఫారాలకూ, మలుపుల్లో బోల్తాపడిన లారీల వాళ్లకూ, నొప్పులొచ్చిన ఆడవాళ్లకూ అందరికీ నాన్నే. కంచంలో చెయ్యి పెట్టి కూర్చుని, ముద్ద కలుపుతూ కలుపుతూ అలాగే నిద్రపోయేవాడు. అమ్మ నెమ్మదిగా భుజం తడితే ఉలిక్కిపడి లేచి, "నాకేం, బానే ఉన్నా" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఫోను మోత నాన్నకు వినపడకుండా అమ్మ దాని మీద దిండు పెట్టి చూసింది. దిండు కింద నుంచి కూడా ఆయనకు వినపడేది.

మా ఊరి నుంచి కొండెక్కి రెండు గంటలు వెళితే ఒక సరస్సు ఉంది. వేసవి సెలవుల్లో మా క్లాసు పిల్లలందరూ అక్కడికి వెళ్లి పడవలు నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఒడ్డున టెంట్లు వేసుకునేవాళ్లు. స్కూలు తెరిచాక ఆ కబుర్లే. నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. నాన్న తీసుకెళ్తానని మాటివ్వడం, తీరా బయల్దేరే వేళకు ఎక్కడో ఎవరికో ఏదో కావడం అలవాటైపోయింది. చివరికి నా పదో ఏట పక్కింటి ఆంటీ కలగజేసుకుంది. ఆవిడ రిటైరైన టీచరు, ఒంటరి మనిషి, మా అమ్మకు ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఒక ఆదివారం పొద్దున్నే తన పాత జీపు మా వాకిట్లో ఆపి, "డాక్టర్, గెట్ ఇన్" అంది. పక్క ఊరి డాక్టరుతో ముందే మాట్లాడి ఆ ఒక్కరోజుకు ఆయన్ని ఒప్పించానంది. నాన్న ఏదో అనబోయాడు. ఆవిడ వినలేదు.

దారంతా నాన్న కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. సరస్సు కనిపించాక నేనే లేపాను. నీలంగా, ఎంతో పెద్దగా, చుట్టూ ఎండిన కొండలతో ఉన్న ఆ నీళ్లను చూస్తూ జీపు దిగడం మర్చిపోయాను. ఒడ్డున స్నో గమ్ అనే నీలగిరి జాతి చెట్లు, కొన్ని పచ్చగా, కొన్ని ఎప్పుడో మంటల్లో కాలి ఎముకల్లా తెల్లబడి నిలబడి ఉన్నాయి. అమ్మ దుప్పటి పరిచి, పులిహోర డబ్బా, పెరుగన్నం, ఫ్లాస్కు బయటికి తీసింది. నాన్న దుప్పటి మీద ఒరిగాడు.

"నాన్నా, పడవ" అన్నాను.

"కాసేపు పడుకోనివ్వవే" అంది అమ్మ.

ఆ మాటతో నాన్న లేచి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకేం, బానే ఉన్నా. పద తల్లీ" అన్నాడు. అమ్మ డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

అద్దెకిచ్చే షెడ్డులో ఇద్దరు కూర్చునే సన్నటి పడవ తీసుకున్నాం. ఆరెంజ్ రంగు లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది, ఒడ్డు పట్టుకునే ఉండండి అని ఆంటీ చెప్పింది. నాన్న తలూపాడు. అలాగే చేసేవాళ్లమేమో గానీ, నీళ్ల మీదికి వెళ్లాక మా ఇద్దరికీ ఒళ్లు తేలికైపోయింది. తెడ్డు ఇలా వేస్తే చాలు, పడవ అలా జారిపోతోంది. మా వెనక నుంచి సన్నగా గాలి తోస్తోందని మాకు తెలియలేదు. మేమే అంత బాగా నడుపుతున్నామనుకున్నాం. నాన్న గుండ్లకమ్మలో ఈతలు కొట్టిన రోజుల గురించి చెప్పాడు. పొలానికి వెళ్లమంటే ఏటికి పోయి వాళ్ల నాన్న చేత తిన్న తన్నుల గురించి చెప్పాడు. అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూసిన గుర్తు లేదు. సరస్సు నడిమధ్య దాకా వెళ్లిపోయాం.

వెనక్కి తిప్పాకే అర్థమైంది. గాలి ఒక్కసారిగా మొహం మీద కొట్టింది. ఇందాక నున్నగా ఉన్న నీళ్లు చిన్న చిన్న అలలై పడవ ముక్కుకు తగులుతున్నాయి. నాన్న గట్టిగా తెడ్డు వేయడం మొదలుపెట్టాడు, నేనూ వేశాను. దూరంగా అమ్మ దుప్పటి ఎర్ర చుక్కలా కనిపిస్తోంది. ఆ చుక్క పెద్దదవడం లేదు. ఎంతసేపు చూసినా అంతే ఉంది.

"ఇంకొంచెం, వచ్చేశాం" అన్నాడు నాన్న. కాసేపాగి మళ్లీ అదే మాట. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో అలకూ కొన్ని నీళ్లు లోపలికి వచ్చి పడుతున్నాయి. ఆ ఎండలో కూడా అవి మంచులా ఉన్నాయి. నా వెనక నాన్న ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఒక్క క్షణం ఆగితే చాలు, పడవ అడ్డం తిరిగిపోతోంది. దాన్ని మళ్లీ సరిచేయడానికి ఆయన ఉన్న బలమంతా పెట్టాల్సి వస్తోంది.

"ఐ యామ్ స్కేర్డ్, నాన్నా" అని ఏడ్చాను.

"ఏం భయం లేదు. ఇంకొంచెం."

కొద్దిసేపటికి వెనక తెడ్డు చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. నాన్న తెడ్డును పడవ అడుగున పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. కళ్లద్దాల నిండా నీటి తుంపర. ఆయన మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"తల్లీ, నా వల్ల కావడం లేదు" అన్నాడు. "అలిసిపోయాను."

అలల కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను. నాన్న అలిసిపోతే ఇక మమ్మల్ని చూసేదెవరు? ఏడుపు కూడా ఆగిపోయింది. నాన్న మాత్రం ఆ మాట అన్నాక స్థిమితపడ్డాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చుట్టూ నెమ్మదిగా కలియజూశాడు. "ఇంతసేపూ గాలితో కొట్లాడుతున్నాం. అటు పక్కన ఉన్నది కూడా ఒడ్డే కదా. అక్కడికే పోదాం. నువ్వు కిందికి జారి పడవ అడుగున కూర్చో" అన్నాడు.

పడవ గాలి వాలుకు తిరిగింది. ఇక నడపాల్సిన పనే లేకపోయింది. నాన్న తెడ్డు తీసుకుని వెనక నీళ్లలో ఊరికే ఆనించి పట్టుకున్నాడు, ముక్కు పక్కకు పోకుండా. అవతలి ఒడ్డు దానంతటదే దగ్గరకొచ్చింది. గులకరాళ్ల మీద పడవ రాసుకున్న చప్పుడు విన్నాక గాని నేను పడవ అంచు వదల్లేదు.

ఇద్దరం కలిసి పడవను పైకి లాగి, గాలి తగలకుండా పక్కకు ఒరిగించి దాని చాటున కూర్చున్నాం. నాన్న నా లైఫ్ జాకెట్ విప్పి ఒక ఎండుకొమ్మకు తగిలించాడు. "మీ అమ్మకు కనిపిస్తుంది. వాళ్లే వస్తారు. కొంచెంసేపు పడుకుంటాను, నువ్వు చూస్తుంటావా?" అని అడిగాడు. నన్ను. చూస్తానన్నాను. అలా తల వాల్చాడో లేదో గురక మొదలైంది.

ఎండకు నా బట్టలు మెల్లగా ఆరుతున్నాయి. నాన్న మొహం మీద వాలుతున్న ఈగలను గమ్ చెట్టు కొమ్మతో తోలుతూ కూర్చున్నాను. పొద్దున హడావుడిలో దవడ కింద గడ్డం ఒక చోట గీసుకోకుండా వదిలేశాడు. చొక్కా గుండీ ఒకటి లేదు. ఒకసారి నిద్రలోనే చెయ్యి చాచి, "వస్తున్నా, వచ్చేస్తున్నా" అన్నాడు. ఆసుపత్రి ఫోను కాబోలు. నేను ఆ చెయ్యి పట్టుకుని, "ఎవరూ లేరు నాన్నా, పడుకో" అన్నాను. మళ్లీ గురక పెట్టాడు. ఆ పదేళ్ల వయసులో మా నాన్నకు కూడా ఎవరో ఒకరు కాపలా ఉండాలని నాకు మొదటిసారి తెలిసింది.

చెట్ల మధ్య మట్టిదారిలో ఆంటీ జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. అమ్మ చీర చెంగు నడుముకు బిగించి, జీపు ఆగకముందే దిగింది. తిట్లు తప్పవనుకున్నాను. అమ్మ వచ్చి నన్ను దగ్గరకు తీసుకుని, తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది. తర్వాత నాన్న వైపు చూసింది. ఆంటీ ఏదో అనబోతుంటే వేలు పెదవి మీద పెట్టి ఆపింది. ముగ్గురం అక్కడే కూర్చున్నాం. నేను చల్లటి పులిహోర తిన్నాను. గాలి తగ్గింది. కొండల నీడ నీళ్ల మీదికి పాకేదాకా నాన్నను ఎవరూ లేపలేదు.

లేచాక అమ్మను చూసి కంగారుగా కళ్లద్దాలు వెతుక్కున్నాడు. "నాకేం, బానే..." అని, నా వైపు చూసి ఆగిపోయాడు. అమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని నీళ్లకేసి చూస్తూ అన్నాడు:

"పోయిన నెల కారు కంచెకు గుద్దింది చూడు, కంగారూ అడ్డమొచ్చిందని చెప్పాను. ఏ కంగారూ రాలేదు. నడుపుతూ నిద్రపోయాను."

అమ్మ చేతిలో ఫ్లాస్కు మూత అలాగే ఉండిపోయింది.

"చాలా రోజుల నుంచీ అలిసిపోయి ఉన్నాను. ఎవరితో చెప్పాలో తెలియలేదు."

"నాకు తెలుసండీ" అంది అమ్మ. "మీరు నోరు తెరిచి ఒక్కమాట అంటే బావుండునని చూస్తున్నాను." అప్పుడు ఏడ్చింది. తెలుగు ఒక్క ముక్క రాని ఆంటీ కూడా అంతా అర్థమైనట్టే లేచి, నన్ను చెయ్యి పట్టుకుని రాళ్లు ఏరుకుందాం రమ్మని తీసుకెళ్లింది.

తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. పక్క ఊరి డాక్టరూ, నాన్నా ఆదివారాలు పంచుకున్నారు. రెండో డాక్టరు కావాలని నాన్న ఆసుపత్రి వాళ్లను అడిగాడు. మనిషి రావడానికి చాలాకాలం పట్టింది. అప్పటిదాకా నాన్న అలిసిపోతూనే ఉన్నాడు. కాకపోతే ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "ఈవేళ నా పని అయిపోయింది" అని చెప్పేవాడు. అమ్మ ఆ మాట విని కంచం ముందు పెట్టేది, లేదంటే నేరుగా పక్క వేసేది. దూరం వెళ్లాల్సి వస్తే ఆంటీనే జీపు నడిపేది. మేం ముగ్గురం ఇంట్లో ఒకరితో ఒకరం మాట్లాడుకునే తీరు మారింది. నాకు పరీక్షల్లో బెంగగా ఉంటే చెప్పుకోగలిగాను. అమ్మ కూడా, ఈ ఊళ్లో మన మాట మాట్లాడే మనిషి లేక ప్రాణం విసిగిపోతోందని మొదటిసారి పైకి అంది.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. నాకు అరవై దాటాయి. ఆస్ట్రేలియాలోనే, వెర్రిబీ అనే ఊళ్లో ఉంటున్నాం. నిరుడు చలికాలం మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. లేపడం, స్నానం చేయించడం, మందులు, వ్యాయామాలు అన్నీ నేనే. చూడ్డానికి వచ్చినవాళ్లు, "యు ఆర్ సో స్ట్రాంగ్, ఆంటీ" అని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. అలా మెచ్చుకుంటున్నకొద్దీ అలిసిపోయానని చెప్పడం మరీ కష్టమయ్యేది. మా అమ్మాయి సిడ్నీలో ద పాండ్స్‌లో ఉంటుంది. రోజూ ఫోన్ చేసి, "యు ఓకే, మమ్?" అనేది. ఓకే అనేదాన్ని. ఇంత నేర్చుకున్నదాన్ని నేను కూడా నెలల తరబడి అలాగే అన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన అన్నం ముద్ద ఉమ్మేస్తే, మార్చిన దుప్పట్లే మళ్లీ మార్చి, బట్టలుతికే గదిలో నేల మీద కూలబడ్డాను. అప్పుడే ఫోన్ మోగింది. అదే ప్రశ్న. ఓకే అనబోయి ఆగాను.

"లేదే. చాలా అలిసిపోయాను. ఒక్కదాన్నే చేయలేకపోతున్నాను" అన్నాను.

పుట్టిన దగ్గర్నుంచీ నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబిచ్చిన పిల్ల అది. "ఏడవకు అమ్మా, నేను వస్తున్నా" అంది, తెలుగులో.

మర్నాటికల్లా వచ్చింది. ఆయన దగ్గర అది కూర్చుంది, నేను పక్క గదిలో తలుపేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయాను. వెళ్లేముందు, వారంలో కొన్ని రోజులు సాయానికి మనిషి వచ్చేట్టు ఏర్పాటు చేసింది. అలసట ఇంకా ఉంది. పొద్దున మంచం దిగేటప్పుడు మోకాళ్లు గుర్తు చేస్తాయి. ఆయన చెయ్యి ఇంకా లేవడం లేదు. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే మాత్రం, అలవాటుగా నోటికొచ్చే జవాబును ఒక్క క్షణం ఆపుకుని, వాళ్ల కళ్లలోకి చూసి ఉన్నమాట చెప్తాను. చాలామంది అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంటారు.