తెల్ల ఫ్రేము మీద నల్ల వేలిముద్ర

ఆదివారం పొద్దున్నే సైకిల్ షాపు బాబాయి కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్న పోయాడు" అంది. నేనేమన్నానో చెప్పనా? "సరేలే, శవప్పెట్టెలోంచి లేచాక టీ తాగి రమ్మను" అన్నాను. అవతల ఏడుపు వినపడేదాకా నా నోరు మూతపడలేదు. ఇరవై ఏళ్లుగా నేనూ ఆయనా ఇలాంటి ఫోన్లతోనే ఒకర్నొకరు ఏడిపించుకున్నాం. ఇది కూడా ఆయన వంతే అనుకున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. వన్ టౌన్‌లో, తోపుడుబండ్లు మోచేతులు రాసుకుంటూ పోయే గోడౌన్ల సందులో ఆయనకో చిన్న కొట్టు. నేను తొమ్మిదో తరగతితో చదువు చాలించినవాణ్ణి. చెవితో కూడా చూడొచ్చని నాకు చెప్పిన మేష్టారు ఆయనొక్కడే.

పాత సైకిలు కొనాలంటే చాలామంది ఆయన్ని వెంటబెట్టుకెళ్లేవాళ్లు. ముందు "ఎందుకు అమ్ముతున్నారండీ?" అని అడిగేవాడు. వాళ్లు చెబుతుంటే సైకిలు తలకిందులు చేసి, చక్రం తిప్పి, కళ్లు మూసుకునేవాడు. తర్వాత పాత స్పోకు ముక్కతో ఫ్రేము పొడవునా టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చోట మోగుతుంది. పగిలిన చోట గొంతు పడిపోతుంది. కానీ ఓనరు ముందు ఒక్క వంక పెట్టేవాడు కాదు. "వాళ్ల గుమ్మంలో నిలబడి వాళ్ల వస్తువుని తిడతామా? కొట్టు దగ్గర మాట్లాడుకుందాం" అనేవాడు. వంకున్న చోట మాత్రం, తన గుర్తుకోసం, గ్రీజు బొటనవేలు ఆనించి వచ్చేవాడు. చూసేవాళ్లకి అది మురికే.

ఓసారి పగిలిన ఫ్రేముకి మా ఆవిడ గోళ్లరంగు పూసి, "కొనమంటావా బాబాయ్?" అని తెచ్చాను. ఆయన టిక్కు టిక్కుమనిపించి, సరిగ్గా ఆ చోట వేలు నొక్కి, అదే వేలు నా బుగ్గకి రాశాడు. "రంగు కంటికి వేస్తార్రా వెధవా, చెవికి వెయ్యలేరు." మూడు స్నానాలకి గానీ పోలేదు ఆ మచ్చ.

ఈమధ్య నాకు షుగరొచ్చింది. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఎలాగూ తొక్కాలి కదాని వంపు హ్యాండిలూ సన్న టైర్లూ ఉన్నదాని మీద మనసు పడ్డాను. రోడ్ బైక్ అంటారట. బాబాయి మాత్రం "రేసు సైకిలు" అని తేల్చేశాడు. భవానీపురంలో ఒక ఉద్యోగస్తుడు తెల్లది అమ్ముతున్నాడు, మెరిసిపోతోంది. కానీ గొల్లపూడి మీదుగా కొండపల్లి దాకా లారీల పక్కన తొక్కాల్సిన బండి. ముందు పైపు విరిగిందంటే చక్రాల కిందికే. అందుకే శనివారం సాయంత్రం ఆయన్ని తీసుకెళ్లాను.

వాళ్ల మెట్ల మీద మూడుసార్లు ఆగాడు. "చైనుకి ఆయిల్ తగ్గింది బాబాయ్" అన్నాను.

"గ్యాసురా" అని నవ్వాడు.

అంతా చూసి, నమస్కారం పెట్టి దిగాడు. కింద ఆయాసపడుతూ, "ఇంటికి పోతా. సోమవారం కొట్టుకి రా, చెబుతాను" అన్నాడు.

"ఇప్పుడే చెప్పెయ్యొచ్చుగా?"

"అంత తొందరేంట్రా, చచ్చిపోతున్నావా?"

సోమవారం ఆయన్ని సమాధుల తోటకి తీసుకెళ్లాం. ఆ ఆయాసం నాకు వినపడింది. విని కూడా జోకేశాను.

వారం తర్వాత, ఆయన కూతుర్ని అడిగి ఆ స్పోకు ముక్క తెచ్చుకుని భవానీపురం వెళ్లాను. "తీసుకుంటారా అండీ? ఇంకొకరు అడుగుతున్నారు" అన్నాడు ఓనరు. పైనంతా కొట్టి చూశాను. ఎక్కడ కొట్టినా మోగింది. కొనేద్దామనే అనుకున్నాను. తలకిందులు చేస్తే కనపడింది, ముందు పైపు అడుగున, హ్యాండిల్ దగ్గరి అతుకు పక్కన, నల్లటి బొటనవేలి ముద్ర. అక్కడ కొట్టాను. గొంతు పడిపోయింది.

బాబాయైతే గుమ్మంలో చెప్పడు. నాకంత మర్యాద లేదు. "పగిలిందండీ. ఇక దీని మీద ఎవర్నీ ఎక్కనివ్వకండి" అన్నాను.

ఓనరు కంగారుగా వంగి, "ఎక్కడండీ? ఈ మురికి కిందా?" అంటూ గుడ్డ తీశాడు.

ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "నేను తుడుస్తాను" అని, నా బొటనవేలితోనే తుడిచాను.

ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది, "బుగ్గ మీద ఆ నలుపేంటండీ?"

ఉండనీ అన్నాను.